ఆట్‌క్రాఫ్ట్: ఏడిపించేవాళ్లకు చోటులేని ఆట

మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మెలు పేర్చి ఇళ్లు, కోటలు, ఊళ్లు కట్టుకునే వీడియో గేమ్. స్వీడన్‌లో తయారైన ఈ ఆట 2011 నవంబరులో పూర్తి రూపంలో వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ దీన్ని 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఇంట్లో పదేళ్ల పిల్లాడుంటే ఈ పేరు అమ్మీ, అబ్బాల చెవిన ఈపాటికే పడి ఉంటుంది. ఒంటరిగా ఆడొచ్చు, సర్వర్‌లో చేరి నలుగురితో కలిసి కూడా ఆడొచ్చు. చిక్కంతా ఆ నలుగురి దగ్గరే.

ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది ఈ ఆటను ప్రాణంగా ఇష్టపడతారు. కానీ అందరూ ఆడే సర్వర్లలో వాళ్లను వెక్కిరించడం, గంటల తరబడి కట్టుకున్న ఇంటిని కూలగొట్టడం, ఆటలో మళ్లీమళ్లీ చంపడం మామూలైపోయింది. కెనడాకు చెందిన స్టూవర్ట్ డంకన్‌కు ఈ బాధ తెలుసు. ఆయనకూ, ఆయన కొడుక్కూ ఆటిజం ఉంది. తోటి తల్లిదండ్రులు మొరపెట్టుకుంటుంటే విని, 2013లో ఆట్‌క్రాఫ్ట్ అనే సర్వర్ మొదలుపెట్టారు.

ఇందులోకి ఎవరు పడితే వాళ్లు రాలేరు. ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆటిజం ఉన్నవాళ్లకు, వాళ్ల కుటుంబసభ్యులకే ప్రవేశం. లోపల ఒకరినొకరు చంపుకోవడం, బూతులు, దొంగతనం, ఇంకొకరు కట్టింది పడగొట్టడం కుదరవు. పెద్దవాళ్లు కూడా ఆటలో ఉండి గమనిస్తుంటారు.

అయితే తలుపుకు తాళం వేసినంత మాత్రాన లోపల సందడి ఉండదు. అసలు విషయం ఇక్కడుంది: మంచిగా మెలిగిన పిల్లలకు అక్కడ అందరి ముందూ గుర్తింపు దక్కుతుంది. కొత్తవాళ్లకు దారి చూపే పిల్లలే మెల్లగా సహాయకులవుతారు. నిన్న ఏడుస్తూ వచ్చినవాడు రేపు ఇంకొకరిని ఓదారుస్తాడు. కేవలం శిక్షలతో నడిపితే ఆ చోటు పోలీస్ స్టేషన్‌లా ఉండేది.

పెద్ద కంపెనీలకూ ఇదే అనుభవం. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో రయట్ గేమ్స్ 2011లో ట్రిబ్యునల్ పెట్టింది. తప్పు చేసినవాళ్లపై ఆటగాళ్లే తీర్పు చెప్పేవారు. 2012లో మంచి ఆటగాళ్లను మెచ్చుకునే ఆనర్ పద్ధతి తెచ్చింది. ట్రిబ్యునల్ కొన్నేళ్లకే మూతపడింది. ఆనర్ మాత్రం మార్పులు చేసుకుంటూ నిలబడింది.

మన దగ్గర బీజీఎంఐ ఆడే కుర్రాళ్లు వాట్సాప్, డిస్కార్డ్‌లలో గ్రూపులు కట్టుకుంటారు. అడ్మిన్ కూడా సాధారణంగా ఇంకో కుర్రాడే. కొత్తగా చేరినవాడిని ‘నూబ్’ అని ఆటపట్టిస్తే వాడు రెండో రోజు కనిపించడు. సలాం చెప్పి, ఒక ఆటలో పక్కన నిలబెట్టుకుంటే ఉండిపోతాడు. అంత చిన్న విషయమే, కానీ ఎవరో ఒకరు పనిగట్టుకుని చేయాలి. డిస్కార్డ్‌లో చేరడానికి కనీసం 13 ఏళ్లుండాలి. గొడవ ముదిరినప్పుడు స్లో మోడ్ పెడితే ఒక్కొక్కరు ఒక సందేశం పంపాక కొంతసేపు ఆగాల్సిందే. చాలావరకు కోపం ఆలోపే దిగిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం మెతకదనం పనికిరాదు. ఈ గ్రూపుల్లోకి బెట్టింగ్ లింకులు దూరుతుంటాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అందులో ఆడించడమే కాదు, ప్రచారం చేయడమూ నేరమే. అలాంటి లింకు కనిపిస్తే అడ్మిన్ వెంటనే తీసేయాలి, పెట్టినవాడిని బయటికి పంపాలి.