ఏటి నీటికన్నా ముందు రావలసిన కబురు: సెల్‌ఫోనుకు పుష్ నోటిఫికేషన్ చేరే తీరు

సర్వరు అనబడే కేంద్ర కంప్యూటరు, ఎవరూ అడగకుండానే, సెల్‌ఫోనులోని యాప్‌కు పంపే చిన్న సందేశాన్ని పుష్ నోటిఫికేషన్ అంటారు. ఆ సమయానికి యాప్ తెరచి ఉండనక్కరలేదు. బ్యాంకు జమలు మొదలు వాన సూచనల వరకు నేడు అనేక విషయాలు ఈ దారినే అందుతున్నాయి. తిరువళ్ళూరు జిల్లా సరిహద్దు గ్రామాలకు దీని అవసరం వరద కాలంలో ఎక్కువగా కనిపిస్తుంది.

సరిహద్దు దాటే నీరు

ఆంధ్రలోని కృష్ణాపురం జలాశయాన్ని తమిళనాడు వైపు అమ్మపల్లి ఆనకట్ట అని కూడా వ్యవహరిస్తారు. దాని గేట్లు ఎత్తితే మిగులు నీరు పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతాల మీదుగా పూండి జలాశయానికి చేరుతుంది. పిచ్చాటూరు వద్ద ఉన్న ఆరణియార్ జలాశయపు నీరు ఊత్తుకోట వైపు పారుతుంది. 1944లో నిర్మించిన పూండి జలాశయం నిండినప్పుడు దాని దిగువ గ్రామాలకూ ముప్పు తప్పదు. 2021 నవంబరు వానలలో ఈ నదులు పొంగి పొర్లాయి. గేట్లు ఎత్తేది ఒక రాష్ట్రంలో, వంతెనలు మునిగేది మరొక రాష్ట్రంలో. కనుక నీటికన్నా ముందుగా కబురు చేరడమే ప్రధానం.

సందేశం నడిచే దారి

సర్వరు నేరుగా ఫోనుతో మాట్లాడదు. నడుమ ఒక తపాలా కేంద్రం వంటి వ్యవస్థ ఉంటుంది. ఐఫోన్లకు ఆపిల్ సంస్థ 2009లో ఇటువంటి సేవను ప్రారంభించింది. గూగుల్ తన తొలి సేవను 2010లో తెచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు నేడు వాడుకలో ఉన్న ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ 2016లో వచ్చింది.

యాప్‌ను ఫోనులో వేసుకున్నప్పుడు ఈ సేవ దానికి టోకెన్ అనే పొడవైన గుర్తును ఇస్తుంది. అది ఆ ఫోనులోని ఆ యాప్‌కు చిరునామా వంటిది. యాప్ ఆ గుర్తును సర్వరుకు పంపుతుంది. సర్వరు దానిని గ్రామం పేరు, కోరిన భాషలతో కలిపి భద్రపరుస్తుంది. జావా భాషలో రాసిన సర్వరు అయితే, గూగుల్ అందించే ఫైర్‌బేస్ అడ్మిన్ అనే ఉపకరణం ద్వారా ఒక్క పిలుపులో 500 టోకెన్ల వరకు సందేశం పంపగలదు. లేదా ఒక్కొక్క గ్రామాన్ని ఒక ‘టాపిక్’గా ఏర్పరచి, అందులో చేరిన ఫోన్లన్నింటికీ ఒకే సందేశం అప్పగించవచ్చు.

సందేశం అందుకొన్నట్లు తపాలా కేంద్రం సర్వరుకు జవాబిస్తుంది. ఆ జవాబుకు అర్థం కబురు కేంద్రానికి ముట్టిందనే గాని, ఇంటికి ముట్టిందని కాదు. హెచ్చరికలు పంపేవారు, అందుకొనేవారు ఇద్దరూ మరువరాని విషయమిది.

తెలుగు అక్షరాల లెక్క

ఒక సందేశం మొత్తం 4,096 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతాలు, ఒత్తులు వేరు సంకేతాలుగా లెక్కకు వస్తాయి. ఆ ప్రకారం 1,300కు పైగా సంకేతాలు పడతాయి. హెచ్చరికకు ఇది ధారాళంగా సరిపోతుంది. అయితే 2022లో జావా 18 వచ్చేవరకు, యూటీఎఫ్-8 వాడమని స్పష్టంగా చెప్పకపోతే, కొన్ని సర్వర్లలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదం ఉండేది. ఆ సంచిక నుండి యూటీఎఫ్-8 సహజ పద్ధతి అయింది. పాత జావాతో నడిచే సర్వర్లలో నేటికీ ఈ జాగ్రత్త అవసరం.

కబురు ఆగే చోట్లు

ఫోను చాలాసేపు కదలక పడి ఉంటే బ్యాటరీ పొదుపు కోసం ఆండ్రాయిడ్ సాధారణ సందేశాలను ఆపి ఉంచుతుంది. అందుచేత వరద హెచ్చరికను ‘అధిక ప్రాధాన్యం’ గుర్తుతో పంపాలి. ఫోను ఆగిపోయి ఉంటే, గడువు చెప్పని సందేశాన్ని గూగుల్ సేవ నాలుగు వారాల వరకు దాచి, ఫోను వెలిగిన తరువాత అందిస్తుంది. నీరు తీసిన పిదప వచ్చే పాత హెచ్చరిక వృథా భయానికి కారణమవుతుంది. కనుక కొద్ది గంటల గడువు విధించి, గేట్లు ఎత్తిన తేదీని, వేళను సందేశంలోనే రాయాలి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుండి, వాడుకరి అనుమతి ఇస్తేనే నోటిఫికేషన్ తెర మీద కనిపిస్తుంది.

యాప్ లేని ఫోను సంగతి

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ‘సచేత్’ యాప్ ద్వారా హెచ్చరికలు అందిస్తోంది. దీనికి భిన్నమైనది సెల్ బ్రాడ్‌కాస్ట్. 2023లో దేశంలో దీనిని పరీక్షించినప్పుడు ఫోన్లు ఒక్కసారిగా బిగ్గరగా మోగాయి. ఇందుకు యాప్ గాని, ఇంటర్నెట్ గాని అక్కరలేదు. టవరు తన పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి చాటుతుంది. కాని సరిహద్దు ఊరి ఫోను ఏ రాష్ట్రపు టవరును పట్టుకొంటే ఆ టవరు చాటింపే వింటుంది. యాప్ సందేశం మాత్రం ఇల్లు ఎంచుకొన్న గ్రామానికి, ఎంచుకొన్న భాషలో రాగలదు. ఒకటి రెండవదానికి తోడే గాని, బదులు కాదు.

వానలకు ముందు చేయవలసినవి

ఐప్పసి వానలు మొదలుకాకముందే ప్రతి కుటుంబం ఫోను సెట్టింగులలో హెచ్చరిక యాప్‌కు నోటిఫికేషన్ అనుమతి ఉన్నదో లేదో చూసుకోవాలి. ఆ యాప్‌ను బ్యాటరీ పొదుపు నుండి మినహాయించాలి. కొత్త ఫోను కొన్నప్పుడు యాప్‌ను మళ్ళీ వేసి ఒకసారి తెరవాలి; అప్పుడే కొత్త టోకెన్ సర్వరుకు చేరుతుంది. హెచ్చరిక వచ్చినవారు ఫోను లేని పొరుగింటికి చెప్పాలి. కబురు రాలేదన్న ధైర్యంతో మాత్రం ఎవరూ మునిగిన వంతెన మీద అడుగు పెట్టరాదు.