చేతులు మారిన విమానం

విమానానికి ఒక జాతకం ఉంటుంది. అది ఏ కర్మాగారంలో పుట్టినదీ, ఎన్ని గంటలు ఎగిరినదీ, ఏనాడు ఏ భాగాన్ని మార్చినదీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుతారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట మన దేశపు విమాన సంస్థలు కొన్న డకోటాలలో అనేకం సైన్యం వాడి విడిచినవే. 1945లో ఏర్పడి, 1953లో జాతీయమైన దక్కన్ ఎయిర్‌వేస్ వారు బేగంపేట నుంచి నడిపినవీ డకోటాలే. పాత విమానమైనా, గతమంతా కాగితం మీద ఉన్నప్పుడు ఎక్కేవారికి ధైర్యం.

రేడియో అలలతో నేల మీద నుంచి నడిపే నమూనా విమానానికి అటువంటి పుస్తకం ఉండదు. అది చేతులు మారినప్పుడు దాని వెంట వచ్చేది అమ్మినవారి మాట ఒక్కటే.

మీర్‌పేటకు ఆవల అల్మాస్‌గూడలో మా మిత్రులొకరున్నారు. అల్మాసు అంటే పారసీకంలో వజ్రం. ఆయన ఇంటి మేడమీది గదిలో ఇటీవల ఒక పసుపుపచ్చని విమానాన్ని చూశాను. అమెరికాలో 1947 వరకు సుమారు 20,000 తయారైన పైపర్ కబ్ అనే చిన్న విమానానికి అది నాలుగవ వంతు నమూనా. రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకు దాదాపు తొమ్మిది అడుగులు. "ఒక్కనాడూ నేలకు తగలలేదండీ" అని చెప్పి అమ్మినారట. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి మేమిద్దరం ఒక ఆదివారం కూర్చున్నాము. సాక్షులు మూడు: రేడియో, ఇంజను, కొయ్య.

రేడియో సాక్ష్యం మొదట విన్నాము. గాలిలో పంపిన సంకేతంతో యంత్రాన్ని నడపవచ్చునని 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా ఒక చిన్న పడవతో చూపినాడు. 1937లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అమెరికన్ కవల సోదరులు నమూనా విమానాన్ని అదే విధంగా ఎగురవేసినారు. వారి విమానం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉన్నది. 1950లలో విమానంలోని గ్రాహకయంత్రానికి సన్నని ఉక్కు రేకులు అమర్చేవారు. హార్మోనియం రేకుల వలె ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరానికే స్పందించేది. ఒక స్వరానికి చుక్కాని ఎడమకు, మరొక స్వరానికి కుడికి. చేతి కదలిక ఎంతో రెక్క కదలిక అంత ఉండే పద్ధతి 1960లలో వచ్చినది.

మా మిత్రుని విమానంలో ఉన్నది కొత్త యంత్రమే. 2.4 గిగాహెర్ట్స్ పౌనఃపున్యం మీద పనిచేస్తుంది. ఈ పౌనఃపున్యాన్ని మన ప్రభుత్వం 2005లో లైసెన్సు అక్కరలేనిదిగా చేసినది. కాని విమానం కడుపులో ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం తోక దాకా పోతున్నది. లోపల ఏమీ లేదు. ఎందుకు పెట్టినట్లు? హైదరాబాదు కేంద్రపు శ్రోతలు చిరకాలంగా ఎరిగిన 738 కిలోహెర్ట్స్ అల పొడవు సుమారు 400 మీటర్లు. అమెరికాలో నమూనా విమానాలకు కేటాయించిన 72 మెగాహెర్ట్స్ అల పొడవు నాలుగు మీటర్లకు కొంచెం పైన. దానిని పట్టడానికి మీటరు పొడవు ఏరియల్ తీగ కావలె. 2.4 గిగాహెర్ట్స్‌కు మూడు సెంటీమీటర్ల ముక్క చాలు. కనుక ఆ ఖాళీ గొట్టం పాత తీగకు ఇల్లు. విమానం రేడియో కంటె పాతది. గర్భాలయం ఒక కాలానిది, గోపురం వేరొక కాలానిది అయిన గుడి వంటిదే ఇదీ.

ఇంజను పెట్రోలుతో నడిచేది. 1970ల చివరి నుంచి గడ్డికోత యంత్రాల వంటి వాటి చిన్న ఇంజన్లను పెద్ద నమూనాలకు అమర్చడం వ్యాప్తిలోకి వచ్చినది. కాని దాని వెనుక చెక్కకు తేనెరంగు మరక పట్టి ఉన్నది. అది కాగిన ఆముదం. అవును, మన పాలమూరు, నల్లగొండ చేలలో పండే ఆముదమే! చిన్న ఇంజన్లకు మెథనాలుతో కలిపి పోసేవారు. చెక్క మీద పూడ్చివేసిన నాలుగు పాత బోల్టు రంధ్రాలు కూడ కనిపించినవి. అంటే ఇంతకు మునుపు మరొక ఇంజను ఉండేది.

చివరి సాక్షి కొయ్య. రెక్క అంతా బాల్సా, ప్రధానంగా ఈక్వడోరులో పెరిగే దూదివంటి తేలిక కలప. ఎడమ రెక్క మొదట మాత్రం జానెడు మేర మరొక కలప, మరొక జిగురు. పైన పసుపు పొర కొత్తది. గోటితో తట్టితే ధ్వని మారినది. పొర కోసి చూస్తే రెక్క దూలంలో సన్నని చీలిక.

మిత్రులు అమ్మినవారికి మళ్లీ ఫోను చేసినారు. "నా చేతిలో పడలేదు. అంతకు మునుపటి సంగతి నేనెరుగను" అని సమాధానం. ఆయన అబద్ధమాడినారని అనలేను. ఆయనకూ ఎవరో ఆ మాటే చెప్పి ఉంటారు.

పడిన విమానం నింద్యం కాదు. ఎగిరినది ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. పడిన సంగతి దాచడమే ప్రమాదం. ఇంతటి బరువు గాలిలో రెక్క విరిగి జనం మీదికి వస్తే దానిని బొమ్మ అనలేము. 2021 నాటి డ్రోన్ నియమాలు 25 కిలోల వరకు ఉండే నమూనా విమానాలను విద్యకు, పరిశోధనకు, వినోదానికి, కంటికి కనిపించే మేరలోనే ఎగురవేయవలెనంటున్నవి. అల్మాస్‌గూడకు ఒక ప్రక్క బాలాపూరు రక్షణ పరిశోధన సంస్థలు, మరొక దిక్కున శంషాబాదు విమానాశ్రయం. కనుక మేడమీద నుంచి ఎగురవేసే ఆలోచన ఎవరికీ తగదు. దూరంగా, అనుమతి ఉన్న చోటికి తీసుకొనిపోవలసినదే.

ఆ రెక్క ఇప్పుడు విప్పి ఉన్నది. కొత్త దూలం వేస్తున్నారు. మూసే ముందు మా మిత్రులు లోపలి చెక్క మీద పెన్సిలుతో తారీఖు వేసి, ఏది విరిగినదో, దేనితో అతికినదో వ్రాయబోతున్నారు. మొదట దానిని చేసిన చేతులు ఎవరివో ఇక తెలియదు. తరువాత కొనేవారికి మాత్రం ఒక పుట చరిత్ర మిగులుతుంది. మన ఇళ్లలో చేతులు మారే వస్తువులెన్నో! ఒక్కొక్కదాని లోపల ఇటువంటి పంక్తి ఒకటి వ్రాసి ఉంచడానికి ఎంతసేపు పడుతుంది?