మన బందరు కొట్టారి వారి కనకయ్య

మా ఊరి పెద్దల పేర్లు చెప్పమంటే బందరు వాళ్లం పట్టాభి సీతారామయ్య, పింగళి వెంకయ్య, రఘుపతి వెంకయ్య అని గడగడా చెప్పేస్తాం. ఆ వరుసలో మనం మరిచిపోతున్న పేరు సి.కె.నాయుడు. భారత టెస్టు క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. అసలు పేరు కొట్టారి కనకయ్య నాయుడు. వాళ్ల పూర్వీకులది ఈ బందరే, అంటే మచిలీపట్నం.

ఆయన పుట్టింది ఇక్కడ కాదు, నాగపూర్‌లో, 1895 అక్టోబరు 31న. తాత నారాయణస్వామి నాయుడు అక్కడ పేరుమోసిన వకీలు. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. కనకయ్య ఏడేళ్లకే బడి జట్టులో ఆడాడంటారు.

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో ఏం జరిగిందో మన పిల్లలకు చెప్పి తీరాలి. గిల్లిగాన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. ముందు రోజు ఆ జట్టులో గై ఎర్ల్ అనే ఆయన ఎనిమిది సిక్సర్లు బాది 130 కొట్టాడు. మర్నాడు హిందూ జట్టు తరఫున మన నాయుడుగారు దిగారు. పదకొండు సిక్సర్లు, పదమూడు ఫోర్లు! రెండు గంటలైనా పట్టకుండా 153 పరుగులు. ఆఫీసులు వదిలేసి జనం మైదానానికి పరుగెత్తారని చెప్పుకుంటారు. పాలించే దొరల ఎదుట, దొరల ఆటలోనే, ఒక తెలుగువాడు ఇలా చెలరేగడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. భారతీయులు టెస్టులు ఆడగలరన్న నమ్మకం ఆ ఆటతోనే బలపడింది. రెండేళ్లకే, 1928లో, క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్‌లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టు జరిగింది. కెప్టెన్ ఆయనే. ఆ మ్యాచ్ ఓడిపోయాం. అయినా ఆ ఏడాది ఆయన ఆట చూసి క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ తన 1933 సంచికలో మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

హోల్కర్ మహారాజు పిలుపుతో ఆయన ఇండోర్‌లో స్థిరపడ్డారు. హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలుచుకుంది. క్రికెటర్ ఒక వస్తువుకు ప్రచారం చేయడం కూడా మన దేశంలో ఆయనతోనే మొదలైంది. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించారు. ఆయన మొండితనానికి ఒక్క సంగతి చాలు. వయసు యాభై దాటాక ఒక రంజీ మ్యాచ్‌లో ఫడ్కర్ వేసిన బౌన్సర్ మూతికి తగిలి పళ్లు రాలాయి. పిచ్ మీద పడ్డ పళ్లను బ్యాట్‌తో పక్కకు తోసి, వైద్యం వద్దని, ఆట కొనసాగించారు.

ఇన్ని చెప్పాక కూడా, పూర్వీకుల ఊరు అన్న ఒక్క కారణంతో ఆయనను మనవాడంటే ఒప్పుకోని వాళ్లుంటారు. నాకూ అది బలమైన ఆధారంగా తోచదు. అంతకంటే గట్టిది 1953 నాటి సంగతి. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు మన జిల్లాల కుర్రాళ్లు రంజీ ఆడాలంటే మద్రాసు జట్టే దిక్కు. ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టి, 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగింది. అనుభవం లేని ఆ కొత్త జట్టుకు నాయకత్వం వహించింది 58 ఏళ్ల సి.కె.నాయుడు! అప్పటికి సంపాదించాల్సిన కీర్తి అంతా సంపాదించేశారు. ఇంట్లో కూర్చున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. అయినా తాతల గడ్డ కోసం ప్యాడ్లు కట్టుకున్నారు. అందుకే ఆయన మనవాడు.

1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. కుర్రాళ్ల జాతీయ టోర్నీ ఆయన పేరు మీదే జరుగుతోంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ బడుల్లో ఆటలు నేర్పే మాస్టార్లకు నాదొక మనవి. ఏటా అక్టోబరు 31న పిల్లలను మైదానంలో కూర్చోబెట్టి, ఆ పదకొండు సిక్సర్ల గురించి, ఆ 1953 సీజన్ గురించి ఒక్క పది నిమిషాలు చెప్పండి.