డాక్టరుగారి అక్క నుంచి మిస్ మార్పుల్ దాకా

1926లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ నవలలో డాక్టర్ షెపర్డ్‌కి కారొలైన్ అని ఒక పెళ్లికాని అక్క ఉంటుంది. ఇల్లు కదలకుండానే ఊరి సంగతులన్నీ పాలవాళ్ల నుంచి, పనిమనుషుల నుంచి రాబట్టేస్తుంది. నవల రాసిన అగథా క్రిస్టీకి ఆ పాత్రంటే ఎంతో ఇష్టం. 1928లో ఆ నవలను ‘అలిబై’ పేరుతో లండన్‌లో నాటకం వేసినప్పుడు, కారొలైన్‌ని తీసేసి ఒక పడుచుపిల్లను పెట్టారు. క్రిస్టీ చాలా నొచ్చుకుంది. తన కథల్లో నేరాల గుట్టు విప్పే పెద్దావిడ మిస్ మార్పుల్ ఆ క్షణానే పుట్టి ఉంటుందని ఆత్మకథలో రాసుకుంది.

తేదీలు చూస్తే లెక్క కుదరదు. మార్పుల్ తొలి కథ 1927 డిసెంబరులోనే ‘రాయల్ మ్యాగజైన్’లో అచ్చయింది. అయినా ఆ మాటను నేను కొట్టిపారేయలేను. నాటకాలవాళ్లు అక్కర్లేదనుకున్న పెద్దావిడకు కథలో పెద్దపీట వేసింది క్రిస్టీయే కదా! మార్పుల్ పోలికలు క్రిస్టీ ఇంట్లోవే: ఈలింగ్‌లో ఉండే నాయనమ్మ వరసావిడ, ఆవిడ స్నేహితురాళ్లు. ఎవరి గురించైనా చెడే ఊహించడం ఆ నాయనమ్మ అలవాటు. చాలాసార్లు ఆ ఊహే నిజమయ్యేదట. పేరు మాత్రం చెషైర్‌లోని మార్పుల్ హాల్ అనే పాత భవంతిది.

మార్పుల్ తొలి నవల ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’ 1930 అక్టోబరులో వచ్చింది. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో, పాదిరిగారి గదిలో కల్నల్ ప్రొథెరోను ఎవరో కాల్చి చంపుతారు. బల్లమీద పడిపోయిన గడియారం 6:22 దగ్గర ఆగి ఉంటుంది. దాన్ని తాను పావుగంట ముందుకు పెట్టుకుంటానని పాదిరిగారు చెప్పబోతే ఇన్‌స్పెక్టర్ స్లాక్ వినిపించుకోడు. పక్కింటి తోటలో ఉన్న మార్పుల్‌కేమో కల్నల్ భార్య ఆ సాయంత్రం చేతిసంచీ లేకుండా వచ్చిందన్న సంగతి కూడా గుర్తే. ఊరి ఆడవాళ్ల ఆరాలను అందరూ తేలిగ్గా తీసిపారేస్తారు. ఈ నవలలో ఆ ఆరాలే సాక్ష్యాలు. అందుకే నాకిది అంత ప్రియం.

ఇందులో మార్పుల్ ముద్దొచ్చే ముసలమ్మేం కాదు. పాదిరిగారి భార్య గ్రిసెల్డాకు ఆమె అంటే గిట్టదు. మెత్తదనం తర్వాతి పుస్తకాల్లో వచ్చింది.

మార్పుల్ రెండో నవల రావడానికి 12 ఏళ్లు పట్టింది. ఆమెను మొదట్లోనే 65, 70 ఏళ్ల మనిషిగా పెట్టడం ఇబ్బందైందని తర్వాత క్రిస్టీ అనుకుంది. ఎందుకంటే ఆ ముసలావిడ మొత్తం 12 నవలలు, 20 కథలు నడిపింది. చివరి నవల 1976లో, క్రిస్టీ పోయాక వెలువడింది.