రాపెల్లింగ్

రాపెల్లింగ్ అనగా నిట్టనిలువుగా ఉన్న కొండచరియ లేదా బండ మీదుగా, పైన బిగించిన తాడు ఆధారంగా, రాపిడిని అదుపు చేసుకుంటూ క్రిందికి దిగే పద్ధతి. పర్వతారోహణలో ఇది ఒక ముఖ్యమైన విద్య. గుహల అన్వేషణలోను, సైనిక, అగ్నిమాపక దళాల రక్షణ చర్యలలోను దీనిని ఉపయోగిస్తారు. తెలంగాణలో ఈ విద్యకు పేరొందిన స్థలం పూర్వపు నల్గొండ జిల్లాకు చెందిన భువనగిరి.

పేరు

"రాపెల్" అనే ఫ్రెంచి మాటకు "వెనుకకు పిలుచుట" అని అర్థం. దిగిన తరువాత తాడును క్రిందినుండి లాగి వెనుకకు తీసుకోవడం వలన ఈ పేరు వచ్చింది. దీనినే జర్మను భాషలో "ఆబ్‌సైలెన్" అంటారు. ఆ మాటలో "ఆబ్" అంటే క్రిందికి, "సైల్" అంటే తాడు.

చరిత్ర

ఫ్రాన్సులోని షామోనీకి చెందిన ఆరోహణ మార్గదర్శి ఝాన్ షార్లే-స్ట్రాటన్ 1876లో ఆల్ప్స్ పర్వతాలలోని పెతీ ద్రూ శిఖరాన్ని ఎక్కే ప్రయత్నంలో ఈ పద్ధతిని రూపొందించాడని చెబుతారు. ఆ శిఖరాన్ని అతడు 1879లో అధిరోహించాడు. తరువాత జర్మనీకి చెందిన హాన్స్ డ్యుల్ఫర్ (1892–1915) పేరుతో మరొక పద్ధతి ప్రసిద్ధమైనది. ఇందులో పరికరాలేవీ ఉండవు. తాడును తొడ చుట్టూ తిప్పి, రొమ్ము మీదుగా ఎదుటి భుజంపైకి తెచ్చి, వీపు వెనుకనుండి చేతిలోకి తీసుకుంటారు. శరీరమే రాపిడిని కలిగిస్తుంది గనుక తాడు ఒరుసుకొని చర్మం కాలే ప్రమాదం ఉన్నది. అందువలన నేడు దీనిని అత్యవసర సమయాలలో మాత్రమే వాడుతారు.

పరికరాలు

* తాడు: సాగుదల తక్కువగా ఉండే నైలాన్ తాడు దిగడానికి అనుకూలం.
* హార్నెస్: నడుముకు, తొడలకు బిగించే పట్టీలు.
* కారబినర్: తెరచి మూయగల లోహపు కొక్కెం. దిగేటప్పుడు మరతో బిగించే రకం వాడాలి.
* దిగుడు పరికరం: ఎనిమిది అంకె ఆకారంలో ఉండే లోహపు వలయం లేదా అటువంటిది. తాడు దీనిలో వంపులు తిరగడం వలన రాపిడి హెచ్చి, మనిషి బరువును ఒక చేతితో ఆపడం సాధ్యమౌతుంది.
* శిరస్త్రాణం, చేతి తొడుగులు.

దిగే విధానం

ముందుగా పైన తాడును కదలని ఆధారానికి, వీలైతే ఒకటికి మించిన ఆధారాలకు, బిగిస్తారు. బండ అంచు పదునుగా ఉన్నచోట తాడు కోసుకుపోకుండా క్రింద మందపాటి గుడ్డ వేస్తారు. తాడును పరికరంలోకి ఎక్కించి, తన బరువును దానిపై మోపి పరీక్షించిన తరువాతనే రక్షణ తాడును విప్పాలి. కాళ్ళు ఎడంగా ఉంచి, పాదాలను బండకు ఆనించి, వెనుకకు వాలి, అడుగులో అడుగు వేస్తూ దిగాలి. భయంతో బండకు అతుక్కుంటే పాదాలు జారుతాయి. తాడును అదుపు చేసే చేయిని ఏ క్షణంలోను వదలరాదు. క్రింద నిలబడిన తోడు మనిషి తాడును గట్టిగా లాగినచో దిగేవారు ఆగిపోతారు. శిక్షణలో ఇది ముఖ్యమైన రక్షణ.

ప్రమాదాలు

ఎక్కేటప్పుడు మనిషి తన చేతులు, కాళ్ళపై ఆధారపడతాడు, తాడు పడకుండా కాపాడేది మాత్రమే. దిగేటప్పుడు పూర్తి బరువు తాడు పైనే ఉంటుంది. పైగా దిగే సమయానికి అలసట, చీకటి తోడవుతాయి. తాడు చివర ముడి వేయకపోవడం వలన కొసదాటి జారిపోవడం, రెండు కొసలు సమానంగా లేకపోవడం, ఆధారం ఊడిపోవడం, జుట్టు లేదా దుస్తులు పరికరంలో చిక్కుకోవడం ముఖ్య కారణాలు. వీటిలో చాలావరకు దిగేముందు ఒకరినొకరు సరిచూసుకోవడం ద్వారా నివారించవచ్చును. 1931లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ ప్రచారంలోకి తెచ్చిన ముడిని అదనపు రక్షణగా వాడుతారు. బరువు పడగానే ఇది తాడును పట్టుకొంటుంది.

తెలుగునాట

జడ్చర్ల మొదలు నల్గొండ వరకు ఈ మెట్టప్రాంతమంతటా గ్రానైటు గుట్టలు కనబడతాయి. వీటిలో భువనగిరి గుట్ట 500 అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల. దానిపైనున్న కోటను కళ్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు కట్టించినట్లు చెబుతారు. 2016 నుండి ఇది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. ఇక్కడి శిలారోహణ పాఠశాలలో సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు శిక్షణ పొందారు. వారిలో నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు.

తాడును నమ్ముకొని ఎత్తుల నుండి దిగడం ఈ ప్రాంతంలోని గీత కార్మికులకు తరతరాల వృత్తి. వారు మోకు సాయంతో తాటిచెట్టు ఎక్కి దిగుతారు. మోకు జారి పడి ప్రాణాలు కోల్పోయినవారు, నడుము విరిగి మంచాన పడినవారు ఎందరో ఉన్నారు. వీరికోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో రక్షణ సామగ్రి పంపిణీని ప్రారంభించింది. మనిషి చేయి జారినా తాడు అతనిని పట్టి ఉంచాలన్న పర్వతారోహణ సూత్రమే దీనికీ ఆధారం.

ఇవి కూడా చూడండి

* భువనగిరి కోట
* మాలావత్ పూర్ణ
* పర్వతారోహణ