పావగడ తాలూకా గ్రామ పంచాయతీలు: అధికారం, బాధ్యత, భాష

రాయలసీమ పల్లెల్లో 'పంచాయితీ' అంటే మొదట గుర్తుకు వచ్చేది తగవు. 'పంచాయితీకి పోయినారు', 'పంచాయితీ తెగలేదు' అన్న వాడుకల్లో ఊరి పెద్దల తీర్పరితనం వినిపిస్తుంది. చట్టంలో ఈ మాటకు ఉన్న అర్థం వేరు. అక్కడ పంచాయతీ అంటే ఓటర్లు ఎన్నుకున్న సంస్థ. నీళ్ళు, వీధి దీపాలు, మురుగు కాలువలు, పన్నులు దాని పనులు. పాత అర్థం నుంచి కొత్త అర్థానికి సాగిన ప్రయాణంలో, ప్రజల భాష ఒకటై పాలన భాష మరొకటైన చోట ఏం జరుగుతుందన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం. అందుకు పావగడ తాలూకాను తీసుకున్నాము.

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో చేరిన తాలూకా. అయినా దీన్ని చాలావరకు చుట్టుకొని ఉన్నవి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు. ఇక్కడి పల్లెల్లో ఎక్కువగా వినిపించేది తెలుగు. రాయచెర్లు, క్యాతగానచెర్లు వంటి ఊరి పేర్లలో తెలుగు ముద్ర స్పష్టం. పొరుగునే ఆంధ్రలో ఉన్న మడకశిరలో పరిస్థితి ఇందుకు తలకిందులు; అక్కడ కన్నడం మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1956లో రాష్ట్రాల సరిహద్దులు గీసినప్పుడు ఈ రెండు తాలూకాలూ ఉన్న చోటనే ఉండిపోయాయి. పావగడ మైసూరు పాలనలోది కాగా, మడకశిర మద్రాసు రాజధానిలోని అనంతపురం జిల్లాలోది. కరణం అని ఆంధ్రలో పిలిచే ఉద్యోగిని మైసూరు సీమలో శానుభోగు అన్నారు. పలుకుబడి ఒకటే అయినా లెక్క రాసే భాష వేరయింది.

మైసూరు సంస్థానం 1926లో గ్రామ పంచాయతీలకు ప్రత్యేక శాసనం చేసింది. రాష్ట్ర పునర్విభజన తరువాత 1959లో మరో చట్టం వచ్చింది. 1983 నాటి చట్టం జిల్లా పరిషత్తులకు విశేషాధికారాలిచ్చి, గ్రామాల గుంపులకు మండల పంచాయతీలను ఏర్పరచింది. మహిళలకు 25 శాతం స్థానాలు కేటాయించింది. ఆ చట్టం కింద 1987లో ఎన్నికలు జరిగాయి. ఈ ప్రయోగానికి సారథి మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్. పల్లెపల్లెకూ బోరుబావులు వేయించినందుకు జనం ఆయన్ను 'నీర్ సాబ్' అన్నారు. 73వ రాజ్యాంగ సవరణను అనుసరించి వచ్చిన 1993 చట్టమే, తరువాతి సవరణలతో, నేటికీ అమలులో ఉంది. దాని ప్రకారం సాధారణంగా 5,000 నుంచి 7,000 జనాభాకు ఒక గ్రామ పంచాయతీ, సుమారు 400 మందికి ఒక సభ్యుడు. ఆంధ్రలో సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. కర్ణాటకలో అధ్యక్షుణ్ణి సభ్యులు ఎన్నుకుంటారు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న బంధువులు ఒకే మాటలతో మాట్లాడుకున్నా, వారి పంచాయతీలు ఒకటి కావు.

1993 చట్టం 58వ ప్రకరణం పంచాయతీ పనులను వివరిస్తుంది. వాటిలో కొన్ని తప్పనిసరి: నీటి సరఫరా నిర్వహణ, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, వాటి కరెంటు బిల్లు, జనన మరణాల నమోదు, పిల్లలను బడిలో చేర్పించడం, పన్నుల వసూలు. పావగడలో మొదటిదే అన్నిటికన్నా బరువైనది. ఇది వానలు తక్కువ పడే నేల. భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది తాగదగిన నీరు కాదని భారత ప్రమాణం. దాటిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. కనుక ఇక్కడ బోరు నీరు పారించడంతో పంచాయతీ బాధ్యత తీరదు. ఏ నీరు తాగదగినదో, ఏది కాదో ఊరికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం కూడా అందులో భాగమే.

ఇక్కడే భాష ప్రశ్న ఎదురవుతుంది. పంచాయతీకి ప్రాణం గ్రామసభ. ఆరు నెలలకు మించిన ఎడం లేకుండా అది జరగాలి. ప్రభుత్వ పథకాలు ఎవరికి చెందాలో అది తేల్చాలి. సభలో మాట తెలుగులో సాగవచ్చు, పుస్తకంలోకి ఎక్కేది కన్నడంలో. తెలుగులో 'లబ్ధిదారు' అనేది కన్నడంలో 'ఫలానుభవి'. సభా కార్యక్రమ నివేదిక కన్నడంలో 'నడవళి'. తెలుగు చెవికి అది 'నడవడి'లా తోస్తుంది. పావగడ వారిలో ఎందరో రెండు భాషలూ ఎరిగినవారే. చదువు అందని వారికి మాత్రం తాము వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో మరొకరు చెప్పాలి. ఆ చెప్పేవారి చేతికి చట్టం ఇవ్వని అధికారం ఒకటి వస్తుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఎవరైనా విన్నపం ఇచ్చుకోవచ్చు. స్థానిక జనాభాలో 15 శాతానికి తగ్గని భాషావర్గానికి ముఖ్య ప్రకటనలను వారి భాషలో అందించాలని కేంద్ర, రాష్ట్రాలు అంగీకరించిన రక్షణల్లో ఉంది. ఈ హక్కులు తెలిసినప్పుడే పనికి వస్తాయి.

దీని విలువ ఎంతో సౌర విద్యుత్ పార్కు చూపుతుంది. 2015 తరువాత తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వెలిసింది. రైతులు భూమిని అమ్మలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై రెండేళ్ళకొకసారి 5 శాతం పెరిగే కౌలుకు ఇచ్చారు. కౌలు భూమి ఉన్నవారికి దక్కింది. ఆ పొలాల్లో కూలి చేసి బతికినవారికి కాగితంలో చోటు లేదు. భూమి ఉన్నవారికీ లేనివారికీ సమానంగా నోరు ఉన్న చోటు గ్రామసభ ఒక్కటే. అక్కడి చర్చ అందరికీ అర్థమయ్యే భాషలో సాగకపోతే ఆ సమానత్వం కాగితానికే పరిమితమవుతుంది.

కన్నడం రాజభాష కావడం న్యాయమే. పావగడ పిల్లలు దాన్ని నేర్వడం వారి మేలుకే. మడకశిర కన్నడిగులకు తెలుగు విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది. మేము కోరుతున్నది ఒకటే: తీర్మానం రాసిన తరువాత, సంతకాలకు ముందు, దాన్ని సభకు తెలుగులో కూడా చదివి వినిపించాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. తెలుగునాటికి వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులు గ్రామసభలకు వెళ్ళి, అక్కడ వినిపించే పాలనా పదాలను రెండు భాషల్లోనూ సేకరిస్తే, ఆ పదపట్టిక పరిశోధనకూ పంచాయతీకీ ఉపకరిస్తుంది.