జోడేఘాట్ దారి

వేగులు రాజునకు కన్నులని మన నీతిశాస్త్రములు చెప్పినవి. నిజాము పాలనలో ఆదిలాబాదు అడవిపల్లెలయందు ఆ కన్నులు పటేలు, పట్వారీ, అడవి చౌకీదారులే. గోండులపై జరిమానాలు వేయువారును, వారి సంగతులు ఠాణాకు మోయువారును ఒక్కరే యగుట శ్రోతలు గమనింతురు గాక!

1940లో కుమురం భీము ఆసిఫాబాదు తాలూకాలో ఎదురు తిరిగినపుడు పోలీసులకు తుపాకుల కొదువ లేదు. తెలియనిది దారి. జోడేఘాట్ గుట్టలలో ఏ మలుపున ఎవరు కాపున్నారో మైదానపు సిపాయి యెట్లెరుగును? ఆ దారి చూపినవాడు భీముని వారిలోనివాడే, కుర్దు పటేలని జనశ్రుతి. మేమును దానిని జనశ్రుతిగానే చెప్పుచున్నాము. కాల్పులలో భీమును, అనుచరులు కొందరును కూలిరి. నేటికిని ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు అక్కడ ఆయన వర్ధంతి జరుపుదురు.

భీము ఎక్కడ నున్నాడో సర్కారు కనుగొన్నది. ఎందులకు తిరుగబడెనో ఏ వేగు నడుగలేదు. అది తెలిసికొనుటకు పిదప ఆస్ట్రియాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫును పంపిరి. ఆయన గోండుల నడుమ నివసించి, వారి భాష నేర్చి, సాగుభూములు రిజర్వు అడవిలో కలిసిపోవుట, చౌకీదార్ల లంచములు, పట్టాలు పరుల పేర పడుట విన్నవించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయ్యెను. కొందరికి పట్టాలును దొరకెను.

ఆయన తెచ్చిన సమాచారములో రహస్యమొక్కటియు లేదు. భీము బ్రతికియున్ననాడే, సంతలో ఏ గోండు నడిగినను చెప్పియుండెడివాడు.